సగమే తెరుచుకునే కిటికీ

శ్రావణం వచ్చేసరికి పాత ఇళ్లలో ఏదో ఒక కిటికీ రెక్క మొరాయిస్తుంది. వాన తేమకు ఉబ్బిన చెక్క చట్రంలోకి దూరనంటుంది. భుజం పెట్టి నెడితే దూరుతుంది, తెరవబోతే రాదు. అదే రెక్క వేసవిలో ఎండి ముడుచుకుని, రాత్రంతా గాలికి టపటపా కొట్టుకుంటుంది. మొదటి ఏడాది ఒక పోస్టుకార్డు మడిచి సందులో కుక్కుతారు. రెండో ఏడాది పెళ్లి శుభలేఖ. మూడో ఏడాదికి చట్రం అడుగున చెదల మట్టిగీత తేలుతుంది, ఇనప చువ్వల మొదళ్లలో తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు: "ఇవి తీయించేసి కొత్తవి పెట్టించేద్దాం."

ఆ మాట అనుకున్న ఇల్లు భీమిలిలో ఉందనుకుందాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులున్న ఊరు, తలుపు తీస్తే ఉప్పుగాలి పెదాలకు తగిలే ఊరు. అరవై ఏళ్ల నాటి ఇల్లు, ఎనిమిది కిటికీలు, రిటైరైన ఒక మేష్టారు, ఆయన భార్య. ఊహించుకున్న ఇల్లే గానీ, కోస్తాలో ఏ పాత వీధిలోకి వెళ్లినా దీని తోబుట్టువు ఒకటి కనిపిస్తుంది. విశాఖ నుంచి కొలతలు తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు సంచిలోంచి ఒక తెల్లటి ప్లాస్టిక్ ముక్క, ఒక అల్యూమినియం ముక్క తీసి బల్ల మీద పెడతాడు. "యూపీవీసీ చేయించమంటారా సార్, అల్యూమినియమా?" మేష్టారు సంతలో కుండ బేరం చేస్తున్నట్టు రెండింటినీ వేలితో తట్టి చూస్తారు. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి వేరే ప్రశ్న వేస్తుంది.

"అది సరే బాబూ, పూర్తిగా తీస్తే ఎంత తెరుచుకుంటాది?"

కుర్రాడి దగ్గర రేటు కార్డు ఉంది. చదరపు అడుగుకు ఎంతో, ఏ రంగుకు ఎంత అదనమో అందులో ఉంది. ఈ ప్రశ్నకు గడి లేదు.

విచిత్రమేమంటే, కిటికీకి పేరు పెట్టిన పూర్వులకు ముందుగా తోచింది ఈ ప్రశ్నే. సంస్కృతంలో వాతాయనం అంటే గాలి నడిచే దారి. ఎక్కడో ఉత్తర ఐరోపా చలిదేశాల పాత నార్స్ భాషలో దాన్ని విండౌగ అన్నారు, అంటే గాలి కన్ను. ఇంగ్లిషు వాళ్ల విండో అందులోంచి వచ్చిందే. వాతానికీ ఆ విండుకూ దూరపు చుట్టరికం కూడా ఉంది. రెండు చోట్లా మనుషులు వెలుతురును తలచుకోలేదు, వీధి అందాన్ని తలచుకోలేదు, గాలినే తలచుకున్నారు. మన నోట నలిగే కిటికీ మాత్రం హిందీ, మరాఠీల ఖిడికీకి బంధువు. తమిళుల జన్నల్ పోర్చుగీసు ఓడ దిగి వచ్చిన జనేల. ఇక గవాక్షమంటే ఆవు కన్ను, అదీ గుండ్రటి కన్నే. ఆ గవాక్షపు ఆకారాన్ని ఇప్పటికీ చూడాలంటే ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గరి గుంటుపల్లికి వెళ్లాలి. అక్కడ కొండను తొలిచిన గుండ్రటి బౌద్ధ చైత్యం ఒకటుంది, క్రీస్తుకు పూర్వపు పని. దాని ముఖద్వారం మీద తోరణాన్నీ, లోపలి కప్పు కింద వాసాలనూ అచ్చం కొయ్యతో కట్టినట్టే రాతిలో చెక్కారు. రాతి కప్పుకు వాసాల అవసరం లేదు. చెక్కినవాళ్ల కళ్లలో మాత్రం ఇల్లంటే కొయ్యతో కట్టేదే.

కుర్రాడి సంచిలో మూడో ముక్క కూడా ఉంది. ప్లాస్టిక్ మీద టేకు చారల రేకు అంటించినది. "వుడ్ ఫినిష్ సార్, రేటు కొంచెం ఎక్కువవుద్ది." గుంటుపల్లి శిల్పి చూస్తే నవ్వుకునేవాడు, తప్పుపట్టేవాడు మాత్రం కాదు.

ఏ ముక్క ఎంచుకోవాలన్న మాట తర్వాత చూద్దాం. ముందు పీకేయబోతున్న పాత కిటికీ ఏ పని చేస్తోందో చూడాలి. దానికి నాలుగు రెక్కలు, పై జత ఒకటి, కింది జత ఒకటి. మధ్యాహ్నం కింది జత మూసి పై జత తీస్తే వీధిన పోయేవాళ్లకు లోపలి మంచం కనపడదు, గాలికి మాత్రం అడ్డం లేదు. రాత్రి అన్నీ బార్లా తీస్తే కిటికీ మేరంతా తెరుచుకుంటుంది. చువ్వలు దొంగను ఆపుతాయి, గాలిని ఆపవు. పడమటి ఎండ మొదలవగానే నాలుగూ బిగిస్తే గది చీకటి గుయ్యారమైనా చల్లగా ఉంటుంది, ఎందుకంటే ఆ రెక్క గాజు కాదు, చెక్క పలక. కర్టెనూ, గ్రిల్లూ, ఎండ ఆపే ఫిల్మూ అని ఇవాళ విడివిడిగా కొనేవన్నీ వడ్రంగి ఆనాడు ఒకే చట్రంలో బిగించి ఇచ్చాడు.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దోమను ఆపలేదు. జల్లు కొడితే మూయాలి, మూస్తే చీకటి. వానపట్టిన మధ్యాహ్నం లైటు వేసుకుని బియ్యం ఏరుకున్న ఆవిడకు తెలుసు ఆ సుఖమెంతో. పాత వస్తువు మీద ప్రేమ పుట్టడానికి ఆ వస్తువుతో రోజూ వేగాల్సిన పని లేకపోతే చాలు.

ఇప్పుడు ఆవిడ ప్రశ్నకు వద్దాం. వ్యాపారంలో ఉన్నవి రెండే మాటలు: స్లైడింగ్, ఓపెనబుల్. స్లైడింగ్ అంటే పట్టా మీద పక్కకు జరిగేది. ఓపెనబుల్ అంటే బందుల మీద రెక్కలా తెరుచుకునేది. రెండు అద్దాల స్లైడింగ్‌లో ఒకటి జరిపితే రెండోదాని వెనక దాక్కుంటుంది. ఎంత లాగినా సగం మూసే ఉంటుంది. ఇది ఎవరో చాదస్తులు పెట్టిన వంక కాదు. ఇళ్ల కోసం కేంద్ర ప్రభుత్వపు ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో ఇందుకు లెక్కే ఉంది. రెక్కల కిటికీ మేరలో 90 శాతం తెరుచుకున్నట్టు, రెండు అద్దాల స్లైడింగ్‌లో 50 శాతం తెరుచుకున్నట్టు లెక్క కట్టమంటుంది. అంతటితో ఆగక, తెరుచుకునే మేర మొత్తం ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం ఎంత ఉండాలో వాతావరణాన్ని బట్టి చెబుతుంది. విశాఖ, విజయవాడల వంటి ఉక్కబోత ప్రాంతాలకు 16.66 శాతం, అంటే ఆరో వంతు. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం, ఎనిమిదో వంతు.

కాగితం మీద వేసి చూస్తే విషయం తేలుతుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది, 120 చదరపు అడుగులు. రెండు కిటికీలు, ఒక్కొక్కటి నాలుగడుగులకు నాలుగడుగులు. రెక్కలవైతే తెరుచుకునేది 28.8 చదరపు అడుగులు, గదిలో 24 శాతం. ఉక్కబోతకు కావలసినదానికన్నా ఎక్కువే. అదే గోడ, అదే కంత, స్లైడింగ్ పెడితే 16 చదరపు అడుగులు, 13 శాతం చిల్లర. భీమిలికి చాలదు. గోడ పగలగొట్టకుండా, ఇటుక తీయకుండా, ఒక్క కొటేషన్ మీద సంతకంతో ఇంటి కిటికీలు సగమైపోతాయి. ఆ తర్వాత "ఈ మధ్య మన ఇంట్లో గాలే ఆడటం లేదేమిటో" అని ఫ్యాను రెగ్యులేటర్‌ను తిట్టుకుంటారు.

మరి స్లైడింగ్ ఇంతగా ఎందుకు పాకింది? కారణాలు లేకపోలేదు. రెక్క బయటికి తెరుచుకోవడానికి చోటు కావాలి. పక్కింటి గోడకూ మన గోడకూ మధ్య మూడడుగుల సందే ఉన్నచోట, అపార్టుమెంటు కారిడార్‌లో, మనుషులు తిరిగే బాల్కనీలో బయటికి పొడుచుకొచ్చిన అద్దపు రెక్క నుదుటికి తగులుతుంది. పై అంతస్తుల్లో ఈదురుగాలికి రెక్క విసురుగా కొట్టుకుంటుంది. స్లైడింగ్‌కు ఆ గొడవ లేదు, చేయి చాపి తోస్తే చాలు. దోమతెర కూడా మూడో పట్టాలో కూర్చుంటుంది. దుకాణంలో టూ అండ్ హాఫ్ ట్రాక్ అని పిలిచేది దాన్నే. కాబట్టి స్లైడింగ్‌ది తప్పు కాదు. ఎనిమిది కిటికీలకూ ఒకే మందు రాయడం తప్పు.

గాలి సగం తగ్గడం ఒక నష్టం. రెండోది దానికన్నా గుట్టుగా జరుగుతుంది. చెక్క పలక పోయి గాజు వస్తుంది. మే నెల సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద పడే ఎండ చదరపు మీటరుకు సుమారు 500 వాట్లు. మామూలు తెల్ల అద్దం అందులో ఎనభై శాతం దాకా లోపలికి పంపుతుంది. నాలుగడుగుల చదరపు కిటికీ ఒక్కటే చాలు, ఫ్రేముకు పోయింది తీసేసినా ఐదు వందల వాట్లకు అటూ ఇటూ వేడి గదిలోకి దిగుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెను సగం బలం మీద పెట్టి మంచం పక్కన వదిలేసినట్టు. అది కూడా ఫ్రేము ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా అన్నదానితో సంబంధం లేకుండా.

అప్పుడు కర్టెను వేస్తారు. కర్టెను వెలుతురును ఆపుతుంది, వేడి మాత్రం అప్పటికే అద్దం దాటేసింది. గుడ్డ కాగుతుంది, గదిని కాస్తుంది. ఎండను ఆపాలంటే అద్దానికి బయటే ఆపాలి. ఈ సంగతి మన పెద్దవాళ్లకు సిద్ధాంతంగా తెలియకపోయినా చేతల్లో తెలుసు. వట్టివేళ్ల తడికలు బయటివైపే కట్టి నీళ్లు చల్లారు, వెదురు చాపలు వసారా చూరుకు వేలాడదీశారు. కిటికీ మీద సన్‌షేడ్ ఉంది కదా అంటారు. అది నడినెత్తి ఎండకు పనికొస్తుంది, సాయంత్రం వాలు ఎండకు పనికిరాదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. హైదరాబాద్ అక్షాంశం పదిహేడున్నర డిగ్రీలకు దగ్గర. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలు వరకు అక్కడ మధ్యాహ్న సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. ఉత్తరపు కిటికీకి ఎండ రాదనుకుని సన్‌షేడ్ కుదించినవాళ్లకు జూన్‌లో ఆ సంగతి తెలిసొస్తుంది.

ఇక ముక్కల సంగతి. చెక్కతో మొదలుపెడితే, టేకు ఇప్పటికీ రాజే. బల్లార్షా టేకు, సీపీ టేకు అని పేర్లు చెప్పి దుకాణదారు గొంతు తగ్గించి ధర చెబుతాడు. బర్మా టేకు మాట వేరు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. వేడిని మోసుకురావడంలో చెక్కా, యూపీవీసీ దాదాపు సమానం, రెండూ బద్ధకస్తులే. అల్యూమినియం వాటికన్నా వెయ్యి రెట్లు చురుకు. ఎండలో ఉన్న ఫ్రేము లోపలి అంచు ముట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కోవాల్సిందే. ఐతే అది సన్నటి ఫ్రేముతో పెద్ద అద్దాన్ని మోయగలదు, వంగదు, చెదలు పట్టదు. సముద్రపు ఒడ్డున ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు గానీ, పూత బాగా లేకపోతే ఉప్పు దాన్ని సూది పొడిచినట్టు గుంటలు చేస్తుంది.

యూపీవీసీకి తుప్పూ లేదు, చెదలూ లేదు, ఉబ్బడమూ లేదు. అందుకే కోస్తా ఊళ్లలో ఇంతగా పేరు. కానీ దానికో స్వభావముంది, ఎండకు సాగుతుంది. రెండు మీటర్ల పొడవు కడ్డీ చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి ఎండకూ మధ్య ఐదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియమైతే రెండు లోపే. అందుకని గోడకూ ఫ్రేముకూ నడుమ సందు వదిలి, ఆ సందును సాగే సీలెంట్‌తో నింపాలి. సిమెంటుతో బిగదీస్తే రెండో వేసవికి స్లైడింగ్ అద్దం జరగనంటుంది. వాన తేమకు చెక్క చేసిన పనే ఎండకు ప్లాస్టిక్ చేస్తుందన్నమాట. మరొకటి: ఆ తెల్లటి ముక్కను అడ్డంగా కోసి చూపించమంటే లోపల గదులు గదులుగా ఖాళీ కనిపిస్తుంది, నడిమి గదిలో జింకు పూత ఇనుము ఉండాలి. బలం దానిదే. కుర్రాడు చూపించే నమూనాలో అది ఉంటుంది. బిగించే కిటికీలో ఉందా లేదా అన్నది అడగాల్సిన మాట, అది కూడా అడ్వాన్సు ఇవ్వకముందు.

ఈలోగా డాలస్‌లోని కొడుకు ఫోను. "నాన్నా, డబుల్ గ్లేజింగ్ పెట్టించు. ఇక్కడ అందరం అదే." రెండు అద్దాల మధ్య గాలి బంధించిన కిటికీ అది. అబ్బాయి చెప్పింది తను ఉన్నచోటికి నిజం. అమెరికాలో అమ్మే కిటికీ మీద చీటీ ఉంటుంది. వేడి ఎంత జారిపోతుందో ఒక అంకె, ఎండ ఎంత లోపలికొస్తుందో మరో అంకె. చలి దేశాల వాళ్లకు మొదటి అంకె ప్రాణం. జనవరిలో బయట సున్నా దగ్గర, లోపల ఇరవై డిగ్రీలు, ఇల్లంతా హీటరు. భీమిలిలో మాటేమిటి? ఏసీ గదిలో లోపల 26, బయట 40 అనుకున్నా, ఒంటి అద్దంలోంచి నాలుగడుగుల కిటికీకి వచ్చే వేడి సుమారు 120 వాట్లు. జంట అద్దమైతే అందులో సగం. మిగిలింది అరవై వాట్లు. పడమటి ఎండ తెచ్చే ఐదు వందల వాట్ల పక్కన ఈ అరవై ఏపాటి? ఏసీ లేని గదిలో, కిటికీ తీసిపెట్టుకునే ఇంట్లో ఆ అరవై కూడా మిగలదు. మన ఎండకు రెండో అంకె చూడాలి, అంటే అద్దం ఎంత ఎండను లోపలికి రానిస్తుందో. ఎండను వెనక్కి పంపే పని ప్రత్యేకమైన పూత చేస్తుంది, రెండో అద్దం కాదు.

డబుల్ గ్లేజింగ్‌కు మన దగ్గర వేరే ఉపయోగముంది, చప్పుడు. హైదరాబాద్ అమీర్‌పేట రోడ్డు మీద ఇల్లున్నవాళ్లు వేడి గురించి కాకపోయినా హారన్ల కోసం దాని మాట ఆలోచిస్తారు. అందులోనూ ఒక కిటుకుంది. చప్పుడు అద్దంలోంచి వచ్చేదానికన్నా సందుల్లోంచి ఎక్కువ వస్తుంది. స్లైడింగ్ పట్టాలో జరగాలంటే సందు ఉండి తీరాలి, దాన్ని బ్రష్షు లాంటి కుచ్చుతో మూస్తారు. ఓపెనబుల్ రెక్క రబ్బరు మీద నొక్కుకుని మూసుకుంటుంది. మంచి అద్దం కొని స్లైడింగ్‌లో పెట్టడమంటే బిందె కొని అడుగున చిల్లు వేయడమే. రెండు గాజు పలకల మధ్య సాగే పొర అతికిన లామినేటెడ్ అద్దం ఒంటిదే అయినా హారన్ గొంతు బాగానే నొక్కుతుంది.

ఉత్తరాంధ్రలో అద్దం మాట ఎత్తితే హుద్‌హుద్ తుపాను గుర్తుకు రాక మానదు. 2014 అక్టోబరు 12. విశాఖలో పెద్ద పెద్ద భవనాల గాజు గోడలు ఊడి వీధుల్లో పడ్డాయి, ఇళ్లలో మంచాలను కిటికీలకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. గాలి ఒత్తిడికి భారతీయ ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం, విశాఖకు లెక్కలోకి తీసుకోమనే మూల వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లన్నమాట. హైదరాబాద్‌కు 44. ఆ 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద వేసే బరువు నూటయాభై కిలోలు. నాలుగడుగుల చదరపు కిటికీ మీద రెండు క్వింటాళ్ల పైమాటే. బస్తాలు మోసే మనిషి రెండు వడ్ల బస్తాలతో వచ్చి అద్దానికి ఆనుకున్నట్టు. అందువల్ల భీమిలిలో అద్దం మందం గురించి బేరమాడకూడదు. టఫెన్డ్ అద్దం మామూలు దానికి నాలుగు రెట్లు గట్టి, పగిలినా కత్తుల్లా కాక గుళికల్లా రాలుతుంది. గట్టిపరిచాక దాన్ని కోయడానికి వీల్లేదు, కోస్తే మొత్తం పొడైపోతుంది. కొలత అరంగుళం తప్పిందంటే ఆ అద్దం ఇంకో ఇంటికి దొరకాలి. లామినేటెడ్ పగిలినా పొరకు అంటుకుని చట్రంలోనే నిలబడుతుంది. తుపాను ఊళ్లకు అది మేలు.

చెక్క రెక్కలకు ఈ గొడవలేవీ లేవు. బిగించి అడ్డకర్ర వేసేవారు.

కొలతల దగ్గర మరో మాయ ఉంది. కొత్త కిటికీని బిగించే దారులు రెండు. పాత చట్రాన్ని గోడలోంచి పీకి, కంత అంచులు మళ్లీ పూసి, రంగు వేసి పెట్టడం ఒకటి. దుమ్ము, మేస్త్రీ, వారం రోజులు. పాత చట్రాన్ని అలాగే ఉంచి, దాని లోపల కొత్తది కూర్చోబెట్టడం రెండోది. ఒక్క పూటలో ఐపోతుంది. కొటేషన్‌లో ఇది చవగ్గా కనిపిస్తుంది. కానీ నాలుగు వైపులా రెండేసి అంగుళాలు తగ్గితే 48 అంగుళాల చదరం 44 అంగుళాలవుతుంది. మేరలో ఆరో వంతు దాకా పోతుంది. ఆ మిగిలిన దాంట్లో స్లైడింగ్ పెడితే తెరుచుకునేది ఆరు ముప్పావు చదరపు అడుగుల లోపు. రెక్కలతో మొదట తెరుచుకున్నది పద్నాలుగు పైచిలుకు. పైగా లోపల మిగిలిన పాత చట్రంలో చెదలుంటే, కొత్త ప్లాస్టిక్ చాటున నిశ్చింతగా కాపురం చేసుకుంటాయి.

వంటింటి కిటికీది వేరే కథ. గట్టు మీద కుళాయి, దాని వెనక కిటికీ. రెక్క లోపలికి తెరుచుకుంటే కుళాయికి కొట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను సంగతి ముందే చెప్పకపోతే అంతా బిగించాక అద్దానికి చిల్లు పెట్టాల్సొస్తుంది, టఫెన్డ్ ఐతే అదీ కుదరదు. స్నానాలగదికి వాన పడుతున్నా తీసి ఉంచుకోగల గాజు పలకల లూవర్లను మించింది ఇంకా రాలేదు. గ్రిల్లు విషయంలో మాత్రం ఒకటి గట్టిగా చెప్పాలి. యూపీవీసీకి గ్రిల్లు విడిగా చేయించుకోవాలి, చేయిస్తున్నారు కూడా. ఇల్లంతా కదలని గ్రిల్లులే పెట్టి, నిప్పంటుకుంటే బయటికి దూకడానికి ఒక్క దారీ లేకుండా చేసుకుంటున్నారు. ఒక్క గ్రిల్లైనా లోపలి నుంచి తెరుచుకునేలా చేయించాలి, తాళంచెవి దాని పక్కనే ఉండాలి. దోమతెర స్టీలుదైతే సముద్రపు ఒడ్డున 304 రకం మచ్చలు పడుతుంది, 316 నిలుస్తుంది. ఏ తెరైనా గాలిని కొంత తినేస్తుంది. తెర వేసే కిటికీ వీలైనంత తెరుచుకునేదై ఉండాలనడానికి అదొక కారణం.

భీమిలి ఇంట్లో మేష్టారి భార్య చేసిన పని ఏ రేటు కార్డులోనూ లేనిది. సాయంత్రం నాలుగు దాటాక ఒక అగరొత్తి వెలిగించి ఎనిమిది కిటికీల దగ్గరా వరసగా నిలబడింది. పొగ ఎక్కడ లోపలికి వంగుతోంది, ఎక్కడ బయటికి పోతోంది, ఎక్కడ నిటారుగా నిలబడుతోంది. సముద్రం వైపు రెండూ గాలిని తెస్తున్నాయి. వెనక సందులోవి రెండూ దాన్ని బయటికి పంపుతున్నాయి. వీధి గదివి రెండూ వెలుతురుకే తప్ప గాలికి లేవు. పడమటి పడకగదివి రెండూ ఆ వేళకు ఎండ తప్ప ఏమీ తేవడం లేదు. గాలి ఒక కిటికీలో వచ్చి అందులోంచే పోదు, ఎదురుగా ఇంకో దారి కావాలి. వెనక కిటికీని సగం చేస్తే ముందు కిటికీ ఎంత తెరిచినా ఆడే గాలి తగ్గుతుంది. మేష్టారు నోటుబుక్కులో బాణం గుర్తులు వేసుకున్నారు. లెక్కల మేష్టారు కాబోలు.

వాస్తు తెలిసిన పెద్దాయన ఒకరు పక్కింటి నుంచి వచ్చి, "సంఖ్య మారుస్తున్నారా?" అని అడిగారు. కిటికీలు సరి సంఖ్యలో ఉండాలన్నది ఆయన పట్టు. మార్చడం లేదని విని కాఫీ తాగి వెళ్లారు.

మర్నాడు వడ్రంగి వచ్చాడు. పడమటి గది కిటికీలను ఉలి మొనతో పొడిచి చూశాడు. చట్రం అడుగున నాలుగంగుళాల మేర పుచ్చింది, పైన చెక్క ఉక్కులా ఉంది. పుచ్చిన మేర కోసేసి కొత్త టేకు ముక్క అతికి, బందులు మార్చి, రెక్కల అంచులు చిత్రిక పడితే మరో పాతికేళ్లకు ఢోకా లేదన్నాడు. చువ్వలు మాత్రం తీసి స్టెయిన్‌లెస్ వేయించమన్నాడు.

కుర్రాడు మళ్లీ వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉంది. సముద్రం వైపు రెండూ యూపీవీసీ, ఓపెనబుల్, లామినేటెడ్ అద్దం, 316 తెర, పాత చట్రం పీకి పెట్టాలి. వీధి గదికి స్లైడింగ్ చాలు. వెనక సందులో రెండడుగులకు మించి చోటు లేదు కాబట్టి రెక్కలు లోపలికి తెరుచుకునేవి, తెర బయట. అందులో ఒకటి వంటింటిది, కుళాయిని పక్కకు జరుపుతున్నారు. అతను ఒక్కొక్కటీ చదివి, ఒకే రేటు వేయడం కుదరదని తల గోక్కున్నాడు. లెక్కపెట్టాడు, ఆరే వచ్చాయి.

"ఇంకో రెండున్నాయి కదమ్మా, పడమటి గదిలో?"

"అవి అలాగే ఉంటాయి బాబూ. మూసుకోడానికి కావాలి," అంది ఆవిడ. అతనికి అర్థమైందో లేదో, పెన్సిలు చెవిమీద దోపుకుని టేపు పట్టుకుని సముద్రం వైపు గదిలోకి నడిచాడు. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి, తక్కువ వచ్చిన అంకె కింద రెండు గీతలు గీశాడు.